మేమేమనాలో అది చెప్పండి మాస్టారూ

ఇంగ్లీషు మాస్టారంటే పాఠం చెప్పే మనిషి అని పిల్లలు అనుకునేవారు. ఊళ్లో పెద్దలకు మాత్రం టెలిగ్రామ్ చదివిపెట్టే మనిషి. పురుగుమందు డబ్బా మీది అక్షరాలు, బ్యాంకు నోటీసు, కాకినాడ ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ, బొంబాయి ఏజెంటు పంపిన కాగితం, ఏదైనా సరే, ఇంగ్లీషు ముక్క కనిపిస్తే నేరుగా నా గదికి వచ్చేది. "మాస్టారండీ, ఇదేమిటో కాస్త చూసిపెడతారా" అంటూ తలుపు దగ్గర నిలబడేవారు. తమాషా ఏమిటంటే, ఆ కాగితాల్లో ఉన్న ఇంగ్లీషు నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు, నేను చెప్పే వాచకంలో అసలే లేదు.

రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో బీఈడీ ముగించి 1985లో ఉద్యోగంలో చేరాను. కోనసీమలో, గోదావరి పాయల నడుమ ఒక లంక ఊరి హైస్కూలు. మాది కాకినాడ. ద్రాక్షారామం మీదుగా బస్సులో కోటిపల్లి, అక్కడ రేవులో పంటు ఎక్కి గౌతమి పాయ దాటితే ముక్తేశ్వరం, ఆ తర్వాత సైకిలు, చివర్లో చిన్న పాయ మీద నాటుపడవ. కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలు ఉండేదని, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారని పంటు మీద ముసలివాళ్లు నిన్న జరిగినట్టే చెప్పుకునేవారు. ఆ రైలు మళ్లీ వచ్చింది 2004లో. అప్పటికి నేను లంక వదిలి పదేళ్లయింది. నా అదృష్టం ఎప్పుడూ అంతే.

చేరిన మరుసటి ఏడే పెద్ద వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందంటే ఆ అంకె మీకు ఎలా తగులుతుందో తెలియదు. మాకు మాత్రం ఏటిగట్టు మీద పశువుల పక్కన టార్పాలిను కింద గడిపిన రాత్రులుగానే తెలుసు. నీరు తీసాక చూస్తే బడి బీరువాలో వాచకాలు ఉబ్బిపోయి, తలుపు తీయడానికి కూడా రాలేదు. ఆ సంవత్సరం సగం పాఠాలు పుస్తకం లేకుండానే చెప్పాను. నిజం చెప్పాలంటే అదే బాగా సాగింది.

పుస్తకం ఉన్నప్పుడు జరిగేది ఇది. నేను ఒక వాక్యం చదివి దానికి తెలుగులో అర్థం చెప్పాలి. పిల్లలు ఇంగ్లీషు వరుస కింద పెన్సిలుతో తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకోవాలి. అటు తర్వాత వాళ్లు చదివేది ఇంగ్లీషు కాదు, ఆ పెన్సిలు వరుస. కొందరు పదో తరగతి దాకా అలాగే లాక్కొచ్చేవారు. పరీక్షకు రెండు పేపర్లు, మొత్తం 100కి 35 వస్తే గట్టెక్కినట్టు. వ్యాసం ఒకటి, ఉత్తరం ఒకటి బట్టీపట్టి, బిట్ పేపరులో నాలుగు గుర్తులు అదృష్టం కొద్దీ పెడితే 35 దగ్గరికి చేరవచ్చు. ఆ లెక్క నాకంటే పిల్లలకే బాగా తెలుసు.

హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ సార్' అనమని నేర్పాను. వారం రోజులు అన్నారు. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ "ఆయ్". కోనసీమ పిల్లవాడి నోట ఆ "ఆయ్" మాన్పించడం నా వల్ల కాలేదు, ఎవరి వల్లా కాదు. దాన్ని మాన్పించాలన్న కోరిక కూడా కొన్నాళ్లకు పోయింది. అంత మర్యాద గల హాజరు మరెక్కడ దొరుకుతుంది?

ఒక వేసవిలో హైదరాబాదు తార్నాకలోని సీఫెల్‌లో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్రసంస్థలో, శిక్షణకు పంపారు. 1958లో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు ఇఫ్లూ పేరుతో విశ్వవిద్యాలయమైంది. అప్పట్లో మేస్టర్ల నోట అది సీఫెల్. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి ఇంగ్లీషులో 44 ధ్వనులు ఉన్నాయని వినిపించారు. ఒక గళ్ల పట్టిక ఇచ్చి, ఒక గడిలో కర్త, ఒక గడిలో క్రియ, ఒక గడిలో కర్మ మారుస్తూ వందల వాక్యాలు తయారుచేయడం నేర్పారు. వాటిలో నాకు బాగా అక్కరకొచ్చింది ధ్వనుల సంగతి. మన పిల్లలకు హ్రస్వదీర్ఘాల బాధ లేదు, పుట్టుకతోనే వచ్చు. బాధంతా జీరోలోని మొదటి ధ్వనితో. మనం 'జనం' అన్నట్టుగా జీరో అంటాం. నాలుక పైకి వెళ్లి అంటుకుంటుంది. అదే 'జడ' అన్నప్పుడు చూడండి, నాలుక పళ్ల దగ్గరికి దిగుతుంది. ఆ 'జడ'లోని జ దగ్గర మొదలుపెట్టి, నాలుకను పళ్లకు తగలనివ్వకుండా గాలి వదలమనేవాడిని. వేలు గొంతు మీద పెట్టుకోవాలి. 'స్' అని సాగదీస్తే వేలికి ఏమీ తెలియదు, దానికి గొంతు కలిపితే అదురు తగులుతుంది. తరగతి మొత్తం గొంతుల మీద వేళ్లు పెట్టుకుని జుమ్మంటుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు కిటికీలోంచి తొంగి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవారు.

ఇక అసలు కథ బడిలో జరిగింది కాదు, మా ఇంటి అరుగు మీద.

నేను అద్దెకున్నది ఒక మామ్మగారి పెంకుటింట్లో. ఆ రోజుల్లో మా లంకల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లడం ముమ్మరంగా ఉండేది. కొబ్బరి దింపే వాళ్ల భార్యలు, పొగాకు చేలల్లో కూలికి వెళ్లేవాళ్లు, వరదలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు. ఎవరో ఒకరు వెళ్లి పెట్టెలో టేప్‌రికార్డరు, దుప్పట్లు, తలనొప్పి బామ్ సీసాలు తెచ్చేవారు, ఆ పెట్టె చూసి ఇంకో ముగ్గురు బయలుదేరేవారు. వాళ్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పితే పుణ్యం ఉంటుందని మామ్మగారే పూనుకుని, సాయంత్రం దీపాల వేళ అరుగు మీద చాప పరిచారు. అయిదారుగురు వచ్చేవారు. ఒకరిద్దరికి తెలుగు చదవడం వచ్చు, మిగిలినవాళ్లకు అదీ లేదు.

నేను బుద్ధిగా పనిముట్ల పేర్లతో మొదలుపెట్టాను. తర్వాత ఆజ్ఞలు. నీళ్లు తే, తలుపు వెయ్యి, బట్టలు ఉతుకు, పిల్లవాణ్ణి ఎత్తుకో. అక్కడ యజమానురాలు ఇలాగే అంటుంది కాబట్టి ఇవి అర్థమైతే చాలని నా ఆలోచన. రెండు మూడు సాయంత్రాలు విన్నాక సరంగు భార్య చేతిలోని పలక పక్కన పెట్టింది. పంటు నడిపే సరంగు ఇల్లాలు ఆమె. ముప్పై దాటిన మనిషి, మాట నెమ్మది.

"మాస్టారూ, ఒక మాట అడగవచ్చాండీ?"

"అడగమ్మా."

"ఆవిడ నీళ్లు తెమ్మంటే చేత్తో చూపిస్తుంది కదండీ. బట్టల గుట్ట చూపిస్తే ఉతకమని తెలిసిపోతుంది. వాళ్లనేది మాకు ఎలాగో తెలుస్తుందండి. మాకు జ్వరం వస్తే, జీతం రాకపోతే, మేమేమనాలో అది చెప్పండి."

మామ్మగారు వక్క కొరుకుతూ, "బాగా అడిగావే" అన్నారు.

ఆ రాత్రి వాచకం తిరగేశాను. ఆరు నుంచి పది దాకా అన్నీ. ప్రతి పాఠం చివర ప్రశ్నలున్నాయి. అడిగేది పుస్తకం, జవాబు చెప్పేది పిల్లవాడు. పిల్లవాడు తానుగా ఎవరినైనా ఏదైనా అడగవలసిన అభ్యాసం కోసం వెతికితే, వాక్యాన్ని ప్రశ్నగా మార్చమన్న వ్యాకరణం బిట్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. సీఫెల్ పట్టికలో కూడా అన్నీ చెప్పే వాక్యాలే.

దానికి తోడు ఇంగ్లీషులో అడగడం మనకు సహజంగా కష్టం. తెలుగులో ప్రశ్న వేయాలంటే చివర దీర్ఘం తీస్తే చాలు. వచ్చాడు, వచ్చాడా. ఇచ్చారు, ఇచ్చారా. వాక్యంలో మరేదీ కదలదు. ఇంగ్లీషులో అలా కుదరదు. ఎక్కడినుంచో ఒక 'డూ'నో 'డిడ్'నో తెచ్చి వాక్యం నెత్తిన పెట్టాలి, పెట్టగానే అసలు క్రియ భూతకాలం వదిలేసి మామూలుగా మారిపోవాలి. 'హి కేమ్' కాస్తా 'డిడ్ హి కమ్' అవుతుంది. బీఏ చదివినవాళ్లు కూడా 'డిడ్ హి కేమ్' అంటారు. మరి పలక పట్టని చేతులకు ఇది ఎలా ఎక్కించడం?

వ్యాకరణం వదిలేశాను. వాళ్లకు కావలసిన మాటలు వాళ్లనే అడిగి, ఒక్కొక్కటి ఒక ముక్కగా నేర్పాను. నాకు ఒంట్లో బాగాలేదు. డాక్టరు కావాలి. నా జీతం ఎప్పుడిస్తారు. నా పాస్‌పోర్టు ఇవ్వండి. ఇంటికి ఉత్తరం రాయాలి. ఈ పని నేను చేయను. చివరిది మామ్మగారు చేర్చమన్నారు. ఎందుకు అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు, అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అందరికంటే త్వరగా పట్టింది సరంగు భార్య. ఒక్కటే చిక్కు. ఎన్నిసార్లు చెప్పించినా వాక్యం చివర 'అండి' వచ్చి కూర్చునేది. "వెన్ విల్ యూ పే మై శాలరీ అండి." "గివ్ మై పాస్‌పోర్ట్ అండి." మిగతావాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "అండి అనకుండా పెద్దవాళ్లను ఎలా అడుగుతామండీ, నోరు రావద్దూ" అని ఆమె వాదన. నేను దిద్దడం మానేశాను. అక్కడ ఎవరికీ ఆ ముక్క అర్థం కాదు, ఆమెకు మాత్రం అది ఉంటేనే వాక్యం పూర్తవుతుంది. ఇంక నాకొచ్చిన నష్టమేమిటి?

ఆ చివరి మాట దగ్గర అందరూ తడబడ్డారు. పని చేయనని చెప్పడం ఇంగ్లీషులో కంటే తెలుగులోనే వాళ్లకు ఎక్కువ కష్టం. సరంగు భార్య కళ్లు దించుకుని అనేది. మామ్మగారు గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "ఇలా చూస్తూ అను" అనేవారు. ఆ ఇంటి తరగతికి అసలు టీచరు ఎవరో నాకు అప్పుడే సందేహం వచ్చింది.

ఆమె 1989లో కువైట్ వెళ్లింది. మరుసటి ఏడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడింది. రేడియో వార్తల వేళకు పంచాయతీ అరుగు నిండిపోయేది. ఉత్తరాలు ఆగిపోయాయి. మా ఊరి నుంచీ చుట్టుపక్కల లంకల నుంచీ ఎంతమంది అక్కడున్నారో అప్పుడు తెలిసింది. ప్రతి వీధిలో ఒక ఇల్లు. సరంగు పంటు నడుపుతూనే ఉన్నాడు గాని, రేవులో దిగిన ప్రతివారినీ పేపరులో ఏముందని అడిగేవాడు.

తర్వాత టెలిగ్రామ్‌లు రావడం మొదలైంది. పోస్ట్‌మాన్ సైకిలు మా బడి గేటు ముందు ఆగిందంటే నా కడుపులో దడ. టెలిగ్రామ్ అంటేనే చావు కబురని జనానికి నమ్మకం. కాగితం నా చేతికి వచ్చేసరికి వెనకాల ఇరవై మంది ఉంటారు, నేను చదవడానికి ముందే ఒకరిద్దరు ఏడుపు అందుకుంటారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. మడత విప్పగానే మొదట కళ్లతో చూసి, మంచి కబురైతే ముందు నవ్వి, ఆ తర్వాత చదవాలి. సరంగు భార్య టెలిగ్రామ్ వచ్చిన రోజు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. నలిగిన కాగితం, నీలి అక్షరాలు, పైన బొంబాయి అని ఉంది. ఆ ఊరి పేరు చూసి నవ్వేశాను, మిగతా మూడు మాటలు చదవకముందే. సరంగు గడప దగ్గర కూలబడిపోయాడు. వాళ్ల పెద్దమ్మాయి నా ముందు బెంచీలోనే ఉంది. లేచి వచ్చి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనే పైకి చదివింది. ఉచ్చారణలో తప్పు లేదు.

ఆ ఏడు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలు లక్ష మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చాయి. ఆమె వచ్చింది ఆ దారినే. బాగ్దాదు మీదుగా బస్సు, జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాలు, నీళ్ల కోసం వరుసలు. అరుగు మీద కూర్చుని అన్నీ చెప్పింది. నాకేమో నేను నేర్పిన ఇంగ్లీషు ఎలా పనిచేసిందో వినాలని ఉబలాటం.

"ఆ ఇంట్లో ఇంగ్లీషు ఒక్కరికీ రాదండి మాస్టారూ. అంతా అరబ్బీనే" అంది. నా ముఖం చూసి మామ్మగారు పకపకా నవ్వారు. డబ్బులు ఫులూస్, లేదు అంటే మాఫీ, అయిపోతే ఖలాస్. ఏడాదికే ఆమెకు అరబ్బీ గడగడా వచ్చేసింది, ఎవరూ పలక పట్టి నేర్పకుండానే. నేను నేర్పిన ముక్కల్లో ఒకటి మాత్రం అమ్మాన్‌లో అక్కరకొచ్చిందట. గుడారాల దగ్గర జాబితా పట్టుకుని తిరిగే ఆఫీసరును, జీతం గురించి నేర్చిన వాక్యంలో జీతం తీసేసి బొంబాయి విమానం పెట్టి, ఎప్పుడు అని అడిగిందట. చివర అండి కూడా అందట. ఆయన ఆగి జవాబు చెప్పాడు. ఆ తర్వాత ఆ వరుసలోని తెలుగు ఆడవాళ్లంతా తమ పేర్లు కూడా అడిగిపెట్టమని ఈమెనే ముందుకు తోశారు. వాక్యంలో ఒక ముక్క తీసి ఇంకో ముక్క పెట్టడం! సీఫెల్ వాళ్ల గళ్ల పట్టిక అదే కదా. ఆమెకు నేను ఆ పట్టిక చూపించనే లేదు.

అప్పటినుంచి బడిలో శుక్రవారం ఆఖరు పీరియడు పిల్లలకు అప్పగించాను. ఆ పీరియడులో ప్రశ్నలు వేసేది వాళ్లు, జవాబు చెప్పేది నేను. ఏదైనా అడగవచ్చు, ఇంగ్లీషులో అడగాలి, అంతే. మొదట్లో నిశ్శబ్దం. తర్వాత నా వయసు, నా జీతం, పెళ్లి ఎందుకు చేసుకోలేదు, చేపలు తింటానా లేదా, ఇలా సాగింది. డిడ్ వెనకాల కేమ్ వస్తూనే ఉండేది. పట్టించుకోలేదు, తర్వాత వారం తిరిగి అడిగించేవాడిని. సిలబస్ వెనకబడుతోందని హెడ్మాస్టరుగారు గొణిగారు. ఆయన్ని తప్పుపట్టలేను. శుక్రవారం పీరియడు వల్ల పదో తరగతి ఫలితాల్లో ఒక్క మార్కు కూడా పెరిగిన దాఖలా లేదు.

ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, పడవ దిగేటప్పుడు బురద అంటిన బూట్లు. సాయంత్రం దాకా రికార్డులు చూసి, చివరికి ఎనిమిదో తరగతికి వచ్చారు. రెండు ప్రశ్నలు అడిగారు, పిల్లలు చెప్పారు. ఇక మీరేమైనా అడుగుతారా అని ఇంగ్లీషులోనే అన్నారు. ఆ మాట ఊరికే అన్నదని నాకు తెలుసు, పిల్లలకు తెలియదు. సరంగు చిన్నకొడుకు చెయ్యెత్తి లేచాడు.

"వెన్ విల్ యూ గో, సార్?"

గది చల్లబడిపోయింది. హెడ్మాస్టరుగారు గుమ్మం పట్టుకున్నారు. అధికారి ముఖం ఎర్రబడింది. కుర్రవాడికి అదేమీ తెలియలేదు. వాడి గొడవ వాడిది, చీకటి పడ్డాక పంటు కదలదు, ఆఖరి రేవు సమయం దాటితే వాళ్ల నాన్న ఈయన ఒక్కరి కోసం మళ్లీ పంటు కట్టాలి. నేను ఆ సంగతి విప్పి చెప్పాక ఆయన గడియారం చూసుకుని, నవ్వి, నిజంగానే పరుగున బయలుదేరారు. తనిఖీ నివేదికలో మా ఇంగ్లీషు తరగతి 'ఫర్వాలేదు' అని వచ్చింది. అంతకన్నా మంచి మాట ఆ కార్యాలయం నుంచి నేను ఎన్నడూ చూడలేదు.

సరంగు భార్య యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లింది. పద్దెనిమిదేళ్లు అక్కడే చేసి, ఇద్దరు పిల్లల చదువులు, ఒక డాబా ఇల్లు అయ్యాక తిరిగొచ్చింది. ఇంటిపని చేసేవాళ్లకు వారానికి ఒక సెలవు రోజు ఇవ్వాలని కువైట్ చట్టం చేసింది 2015లో, ఆమె వచ్చేసిన చాలా ఏళ్లకు. ఆ కబురు నేను ఫోనులో చెబితే, "ఇప్పుడా అండీ" అని మాత్రం అంది. ఇప్పుడు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే సాధారణంగా పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు, పాసు కానివారికి కావాలి. అంటే ఆ రోజుల్లో మేము తేలిగ్గా తీసుకున్న 35 మార్కుల వెల ఇప్పుడు వేరు. మామ్మగారు లేరు. రేవులో పంటు ఉంది, సరంగు వేరు.

'వెన్ విల్ యూ గో' అన్న ఆ కుర్రవాడు ఇప్పుడు అమలాపురంలో ఇంగ్లీషు కోచింగ్ సెంటరు నడుపుతున్నాడు. ఏసీ గదులు, గోడల నిండా విదేశాల బొమ్మలు, నర్సింగు చదివిన అమ్మాయిలు బారులు. నన్ను ఒకసారి పిలిచి శాలువా కప్పాడు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష ఎలా ఉంటుందో చూపించాడు. 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు, అడిగేది అంతా పరీక్షాధికారి, అమ్మాయి జవాబులు చెబుతూ పోవాలి. కాసేపు చూసి, "మరి వీళ్లు అడగడం ఎప్పుడు నేర్చుకుంటారురా?" అన్నాను.

"శుక్రవారం పీరియడు పెట్టి చూశానండి మాస్టారూ. రెండో వారానికే తల్లిదండ్రులు వచ్చి, బ్యాండు స్కోరు కోసం ఫీజు కట్టాం, కబుర్ల కోసం కాదు అన్నారు" అని నవ్వి, టీ తెప్పించాడు.